మీ దయ్యానికి వరద సంగతి చెప్పొద్దు

చిరంజీవులు ముగ్గురికీ,

కర్నూలు నుంచి మీ తాత రాసేది. ఇక్కడ నేనూ మీ అవ్వా బాగున్నాం. ఎండలు మాత్రం మాడ్చేస్తున్నాయి.

మీరు కలిసి రాస్తున్న నవల మూడు అధ్యాయాలూ చదివాను. ఫోనులో అక్షరం ఆనలేదు. పక్కింటి అబ్బాయితో ప్రింటు తీయించి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పాతబస్తీలో మిద్దె, అందులోకి అద్దెకు దిగిన పదహారేళ్ల అమ్మాయి, అర్ధరాత్రి మెట్ల మీద తడి పాదాల గుర్తులు. ఆ రాత్రి పెరట్లోకి పోవాల్సి వస్తే మీ అవ్వను లేపాను. ఆ సంగతి ఆమెను అడక్కండి, ఇంకా నవ్వుతూనే ఉంది. కొండారెడ్డి బురుజు కింద నుంచి గద్వాల దాకా సొరంగం ఉందన్న మాటను కూడా వాడుకున్నారు. నా చిన్నప్పుడూ ఆ మాట ఉండేది. దాంట్లో దిగి అవతల తేలిన మనిషిని మాత్రం నేను చూడలేదు.

మూడో అధ్యాయం చివర ఆ మిద్దెలో తిరిగే పిల్ల దయ్యం వచ్చి "నన్ను చంపింది మా చిన్నాయన" అని చెప్పేసింది. అక్కడ పెన్సిలు కింద పెట్టేశాను. ఇంక నాలుగో అధ్యాయం దేనికి? పరీక్షకు ముందురోజు పేపర్ లీకైనట్టు ఉంది. చంపిందెవరో కనుక్కోవడమే మీ కథ అయినప్పుడు ఆ కష్టం బతికున్న పిల్ల పడాలి. దయ్యం రావచ్చు, భయపెట్టవచ్చు, ఏడవచ్చు. కానీ దానికి తెలిసింది తక్కువగా ఉండాలి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే.

నేను ముప్పై ఏళ్లకు పైగా కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసినవాణ్ణి. బోనెక్కిన సాక్షుల చేత ప్రమాణం చేయించాను. కత్తులకూ కొడవళ్లకూ రక్తం మరకల గుడ్డలకూ నంబర్లు వేశాను. కాబట్టి మీ దయ్యాన్ని కూడా సాక్షిగానే చూడటం నాకు అలవాటు.

చట్టంలో చనిపోయినవాళ్ల మాటకు చోటు లేకపోలేదు. మరణ వాంగ్మూలం అంటారు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 32వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో 26వ సెక్షన్. తనకు చావు ఎలా వచ్చిందో మనిషి చెప్పిపోతే, ఆ మనిషి లేకపోయినా కోర్టు ఆ మాట వింటుంది. కానీ బతికుండగా చెప్పాలి. పోయినాక చెబితే చెల్లదు. దయ్యం ప్రమాణం చేయదు, ఎదుటి వకీలు ఎదురు ప్రశ్నలు వేయడానికి దొరకదు. పోనీ మీ అమ్మాయే బోనెక్కి "దయ్యం నాతో చెప్పింది సార్" అంటే, అది విన్నమాటే తప్ప కళ్లతో చూసింది కాదు. ఆ వాక్యం టైపు చేయాల్సి వచ్చిన గుమాస్తా ముఖం ఎలా ఉంటుందో నేను ఊహించగలను.

ఇంకో చిక్కుంది. శవం ఫలానా చోట ఉందని ఎవరైనా పోయి చెబితే పోలీసులు మొదట అడిగేది "నీకెట్ల తెలుసు?" అని. మీ అమ్మాయి ఆ హత్య జరిగేటప్పటికి పసిబిడ్డ కాబట్టి ఆమెను వదిలేస్తారు. అప్పుడు ఆమెకు చెప్పిందెవరని ఇంట్లోవాళ్ల మీద పడతారు. పాపం ఏమీ తెలియని వాళ్లమ్మను రెండు పూటలు స్టేషన్‌లో కూర్చోబెడతారు. దయ్యం మాట నమ్మి తొందరపడినందుకు మీ అమ్మాయికి అదే శిక్ష. ఆ టెన్షన్ మీకు రెండు అధ్యాయాలకు సరిపోతుంది.

దయ్యం మాటతో కేసు కదిలింది నిజంగా ఒకటుంది, మన దేశంలో కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, గ్రీన్‌బ్రయర్ అనే కౌంటీ. 1897 జనవరి 23న జోనా హీస్టర్ షూ అనే కొత్త పెళ్లికూతురు ఇంట్లో చనిపోయి కనిపించింది. మొగుడు కమ్మరి. డాక్టరు వచ్చేలోగానే శవానికి తానే బట్టలు మార్చాడు, మెడకు ఎత్తు కాలరు వేశాడు. డాక్టరు మెడ దగ్గర చూడబోతే పడనివ్వలేదు. సహజ మరణమని రాసి పూడ్చేశారు. నెల తిరక్కముందే జోనా తల్లి మేరీ జేన్ హీస్టర్, తన కూతురు నాలుగు రాత్రులు వచ్చి, మొగుడు మెడ విరిచి చంపాడని చెప్పిందంటూ ప్రాసిక్యూటర్ దగ్గరికి పోయింది. ఫిబ్రవరి 22న శవాన్ని తవ్వి తీశారు. మెడ ఎముక విరిగి ఉంది, గొంతు నలిగి ఉంది, వేళ్ల గుర్తులున్నాయి. మొగుడికి యావజ్జీవం పడింది. 1900లో జైల్లోనే పోయాడు.

దీంట్లో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. విచారణలో ప్రాసిక్యూటరు దయ్యం ఊసే ఎత్తలేదు. తల్లిని పిచ్చిదానిగా చూపిద్దామని ముద్దాయి వకీలే ఆ సంగతి కెలికాడు. ఆమె తడబడలేదు, కలగాదు మెలకువలోనే చూశానంది. వకీలుకు అది ఎదురుతిరిగింది. అల్లుడి మీద ఆమెకు అనుమానం దయ్యం రాకముందు నుంచే ఉంది. అందరి కళ్ల ముందూ ఉన్నది ఆ కాలరు. శవపేటిక చుట్టూ నిలబడ్డ వాళ్లంతా చూశారు, ఒక్కరూ ఆలోచించలేదు. మీ నవలలో కూడా అలాంటి కాలరు ఒకటి ఉండాలి. చదివేవాడికి రెండో అధ్యాయంలోనే చూపించేయాలి, చివర్లో వాడు తల కొట్టుకోవాలి.

దయ్యానికి కట్టుబాటు పెట్టడం మనవాళ్లకు కొత్తేం కాదు. బేతాళుడి సంగతి చూడండి. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. అంత శక్తి ఉన్న బేతాళుడు కూడా ప్రశ్న అడుగుతాడే గాని రాజు పని తాను చేసిపెట్టడు. మీ దయ్యం మాత్రం గోడలు దాటుతుంది, అద్దంలో కనిపిస్తుంది, ఫోనులో మెసేజ్ కూడా పెడుతుంది. నడిపోడి పనే అయ్యుంటుంది అది. ఏదో ఒకటి ఉంచి మిగతావి కొట్టేయండి.

చిన్నది ఉత్తరం చివర "దయ్యాలు ఉన్నాయా తాతా?" అని అడిగింది. నేను చూడలేదమ్మా. తెల్లారుజామున మెలకువ వచ్చి ఒళ్లు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండటం నాకు రెండుసార్లు జరిగింది. దాన్ని స్లీప్ పెరాలసిస్ అంటారని డాక్టరు చెప్పాడు. మీ అమ్మాయి కూడా మొదట్లో తనకు అదేననుకోవచ్చు. అయితే మా ఊళ్లో ఒక దయ్యం ఉండేది, దాని గురించి చెప్పాలి.

ఊరి బయట దిగుడుబావి. పొద్దుగూకితే అటు ఎవరూ పోయేవాళ్లు కాదు. నేను పుట్టకముందు ఒక కొత్త కోడలు అందులో పడి చనిపోయిందట. కాలు జారిందన్నారు. అంతే, ఊరు ఊరుకుంది. నేను చదువుకుని, ఉద్యోగంలో చేరి, ఎన్నో ఏళ్లకు కోర్టులో కట్టలు తిప్పుతుంటే, 1983లో మారిన చట్టం నా చేతికి రావడం మొదలైంది. పెళ్లయి ఏడేళ్లు నిండకముందే ఆడపిల్ల అనుమానంగా చనిపోతే పోస్టుమార్టం చేయాల్సిందే, శవ పంచనామాకు తాసీల్దారు రావాల్సిందే. 1986లో వరకట్నపు చావులకు వేరే సెక్షనే వచ్చింది. బావులు, కిరోసిన్, పురుగుల మందు. ఒక రోజు అలాంటి పంచనామా కాగితానికి నంబరు వేస్తుంటే మా ఊరి బావి గుర్తొచ్చింది. ఆ కోడలికి పంచనామా లేదు, కేసు లేదు. ఊరికి పోయినప్పుడు ఆమె పేరేమిటని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. బావి దయ్యం అంటే మాత్రం ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మీ దయ్యానికి మీరు ఇంతవరకూ పేరు పెట్టలేదు. ముందు అది పెట్టండి.

ఇంక మీ కథకు వద్దాం. మీరు పాతబస్తీ ఇల్లు తీసుకుని 2009 వరదను వదిలేశారు. పెద్దమ్మి అప్పటికి చంకలో బిడ్డ, మీ ఇద్దరూ పుట్టలేదు. అందుకే తోచలేదేమో. ఆ ఏడు అక్టోబరు 2న ఒకపక్క తుంగభద్ర, ఒకపక్క హంద్రీ ఊరి మీద పడ్డాయి. మేము మిద్దె మీద ఉండి చూశాం. నీళ్లు పోయినాక మిగిలింది బురద. ట్రంకుపెట్టెలో పెళ్లి ఫోటోలు, పొలం కాగితాలు, నా సర్వీసు రిజిస్టరు నకళ్లు, అన్నీ అతుక్కుపోయి ముద్దయ్యాయి. గోడ మీద నీటి గీత ఎన్నిసార్లు సున్నం కొట్టినా వానాకాలం చెమ్మకు మళ్లీ పైకి తేలేది.

ఆ వరదను మీ హంతకుడికి ఇచ్చేయండి. పిల్ల ఏమైందని అడిగితే చిన్నాయన చెప్పే మాట "వరదలో కొట్టుకపోయింది" అని. ఊరు ఊరే మునిగినప్పుడు ఎవరు ఆరా తీస్తారు? నిజానికి ఆమె అంతకు నాలుగైదు రోజుల ముందే పోయింది. ఆ ఏడు విజయదశమి సెప్టెంబరు 28న వచ్చింది. బడికి సెలవులు కాబట్టి ఆమె రాలేదని అడిగే టీచరు కూడా లేదు. చంపడానికి కారణం మీకు తెలిసిందే, ఇల్లు. వాళ్ల నాయన పోయాడు, ఆయన వాటా ఈ పిల్లది. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1986లోనే చట్టమైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. చిన్నాయనకు ఆ చట్టం ఒంటికి పడలేదు.

ఇప్పుడు దయ్యాన్ని తీసుకురండి. తను పోయిన గంట దాకానే దానికి తెలుసు. వెనక నుంచి దెబ్బ పడింది, కొట్టిందెవరో చూడలేదు. వరద వచ్చిందని అసలే తెలియదు. రెండో అధ్యాయంలో అది గోడ మీద గీత తడుముతూ "ఇదేంది, ఎవరు గీసినారు?" అంటుంది. చదివేవాడు ఏదో దయ్యం మాటలే అనుకుని దాటిపోతాడు. మీ అమ్మాయి కూడా దాటిపోవాలి. తడి పాదాలు కూడా తీసేయండి. వీధిలో ఈ దయ్యం కథ చెప్పే ప్రతివాళ్లూ "తడి కాళ్లతో తిరుగుతాది" అంటారు, వరదలో పోయిందని వాళ్లకు తెలుసు కాబట్టి. మీ అమ్మాయి చూసిన గుర్తులు మాత్రం దుమ్మువి, పొడివి. నీళ్లలో పోయిన పిల్ల పాదాలు ఎందుకు పొడిగా ఉన్నాయో ఆమెకు పదో అధ్యాయంలో తట్టాలి.

తట్టినంత మాత్రాన కోర్టులో పనికిరాదు. బతికున్నవాళ్ల చేతికి దొరికేది ఒకటి కావాలి, దయ్యం దానికి దారి చూపించాలి. అందుకని అది వచ్చినప్పుడల్లా ఒకే మాట అడుగుతుంది: "టైలరు నా లంగా ఓణీ ఇచ్చినాడా?" పండగకు కుట్టమని ఇచ్చిన బట్టలు. నెలరోజులు టైలరు ప్రాణం తీసి, పండగ ముందురోజు తెచ్చుకోవాల్సిన పిల్ల పోలేదు. చిన్నాయన మాత్రం అందరి దగ్గరా ఒకటే చెబుతూ వచ్చాడు, "కొత్త లంగా ఓణీ తోనే నీళ్లలో పడిపాయ, నా కండ్లతో చూసినా" అని. కన్నీళ్లు కూడా పెట్టుకుంటాడు. టైలరు అంగడి మిద్దె మీద, కాబట్టి నీళ్లు ఎక్కలేదు. ఆ మూట ఇప్పటికీ బీరువా అడుగున ఉంది, దాని మీద పిన్ను పెట్టిన చీటీ, చీటీ మీద తేదీ.

అక్కడ నుంచి పోలీసులు తవ్వడం పెద్ద పని కాదు. ఇంటి పెరట్లో వాడని జొన్న పాతర, అంటే జొన్నలు దాచే గుంత, ఒకటి పెట్టండి, మట్టితో పూడ్చేసింది. తవ్వేటప్పుడు పైన వరద తెచ్చిన ఒండ్రు ఒక పొరగా కనబడుతుంది. ఆ పొర చెక్కుచెదరకుండా ఉండి, ఎముకలు దాని కింద దొరికాయంటే గుంత వరదకు ముందే పూడ్చిందన్నమాట. ఒకవేళ శవం దొరక్కపోయినా హత్య కేసు నడపవచ్చు, మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే. కానీ మీరు దొరకనివ్వండి. ఆ పిల్లకు ఒక పంచనామా జరగాలి.

విచారణ అధ్యాయం రాసేటప్పుడు నన్ను అడగండి. బంట్రోతు పేరు ఎలా పిలుస్తాడో, లంగా ఓణీకి ఏ నంబరు వేస్తారో చెబుతాను. చిన్నాయన బోనులో ఉన్నప్పుడు టేబులు మీద ఆ మూట విప్పుతారు కదా. దాని రంగేమిటో మీరు రాయలేదు. చిలకపచ్చకు ఎర్రంచు అని మీ అవ్వ ఇక్కడ నుంచి అరుస్తోంది.

నాలుగో అధ్యాయం ఈసారి పెద్ద అక్షరాల్లో పంపండి.

ఇట్లు,
మీ తాత