91 ప్రధాన సంఖ్యేనా? లెక్కల టీచర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

బోర్డు మీద 91 రాసి "ఇది ప్రధాన సంఖ్యేనా?" అని అడిగితే, ఏ తరగతిలోనైనా ఎక్కువమంది "అవును సార్" అనేస్తారు. చూడగానే అలా అనిపించడం సహజం. కానీ ప్రధాన సంఖ్య (1తోనూ తనతోనూ తప్ప వేటితోనూ శేషం లేకుండా పోనిది) చూపుకు తెలియదు, భాగించి చూస్తేనే తేలుతుంది.

అపోహ: 2, 3, 5 ఎక్కాల్లో పోకపోతే ప్రధాన సంఖ్యే.

వాస్తవం: 91 అంటే 7 × 13. 119 (7 × 17), 221 (13 × 17) కూడా ఇలాగే ఏమారుస్తాయి. 13, 17 ఎక్కాలు మనకు అంతగా నోట్లో ఆడవు కదా!

అపోహ: అయితే సగం దాకా ఉన్న అన్ని సంఖ్యలతోనూ భాగించాలి.

వాస్తవం: ఈ టెన్షన్ అక్కర్లేదు. వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు చాలు. 211నే తీసుకోండి. 15 × 15 = 225, అంటే 211 దాటిపోయింది. కాబట్టి 2, 3, 5, 7, 11, 13 చూస్తే సరి. వేటితోనూ పోదు, ప్రధాన సంఖ్యే. ఎందుకు చాలు? రెండు కారణాంకాలూ (గుణిస్తే ఆ సంఖ్య వచ్చేవి) వర్గమూలం కన్నా పెద్దవైతే వాటి లబ్ధం 211ని మించిపోతుంది. అంటే కారణాంకాలంటూ ఉంటే, ఒకటైనా వర్గమూలం లోపే దొరకాలి. పిల్లలకు సూత్రం కంటే ముందు ఈ కారణం చెప్పాలని నా పట్టుదల.

అపోహ: 1 కూడా ప్రధాన సంఖ్యే.

వాస్తవం: కాదు. ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలు ఉండాలి, 1కి ఉన్నది ఒక్కటే.

అపోహ: ఒక సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టేటప్పుడు, ఎక్కడ మొదలుపెడితే అక్కడి బట్టి జవాబు మారుతుంది.

వాస్తవం: 360ని 36 × 10గా విడగొట్టినా, 2 × 180గా విడగొట్టినా చివరికి వచ్చేది 2 × 2 × 2 × 3 × 3 × 5 మాత్రమే. వరుస మారొచ్చు, అంతే.

అపోహ: వరుసగా కొన్నిసార్లు నిజమైతే ఎప్పుడూ నిజమే.

వాస్తవం: 31, 331, 3331 ఇలా 33333331 దాకా ఏడూ ప్రధాన సంఖ్యలే. ఇంకో 3 చేర్చగానే 333333331 = 17 × 19607843!

అపోహ: ప్రధాన సంఖ్య కాదని తేలితే కారణాంకాలూ తెలిసినట్టే.

వాస్తవం: 2 ఘాతం 67లోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కాదని 1876లోనే గణితవేత్త లూకాస్ తేల్చాడు, ఒక్క కారణాంకం కూడా చెప్పకుండానే. ఆ కారణాంకాలేమిటో మరో గణితవేత్త ఫ్రాంక్ కోల్ చూపించింది 1903లో: 193707721 × 761838257287.