పచ్చనీళ్లలో అర గ్రాము

చేపల చెరువు నీళ్లు ఒక గాజు గ్లాసులో ముంచి వెలుతురుకి ఎత్తి పట్టండి. లేత ఆకుపచ్చగా ఉంటాయి. అది మట్టి అయితే కాసేపటికి అడుక్కి దిగేది. ఇది అంత తేలిగ్గా దిగదు. కంటికి విడివిడిగా కనబడనంత సన్నటి నాచు అది.

ఈ నాచుకి మురుగునీళ్లు మంచి మేత. వాటిలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. పొలానికి మనం డబ్బు పెట్టి కొని చల్లేవీ అవే. ఎండ తగిలితే నాచు వాటిని తిని పెరుగుతూ ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్‌తో బాక్టీరియా మురుగును విరగ్గొడుతుంది. 1950లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విలియం ఆస్వాల్డ్ అనే ఇంజనీరు ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కగట్టి, లోతు తక్కువ కుంటల్లో మురుగును శుద్ధి చేసే పద్ధతికి దారి వేశారు.

నాచు పెంచడం పెద్ద పని కాదు. నన్నడిగితే అసలు తలనొప్పి దాన్ని బయటికి తీయడమే. వదిలేస్తే చచ్చి కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీళ్లలోనే కక్కుతుంది. ఇలాంటి కుంటల్లో లీటరుకు ఎండు నాచు అర గ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది. కిలో కావాలంటే రెండు వేల లీటర్లు వడకట్టాలి! స్పైరులినా అనే రకం నాచు మెలికల దారంలా పొడుగ్గా ఉంటుంది కాబట్టి సన్నటి గుడ్డలో చిక్కుతుంది. క్లోరెల్లా అనే ఇంకో రకం గుండ్రటి చిన్న కణం, గుడ్డలోంచి జారిపోతుంది. దానికి నీళ్లని గిర్రున తిప్పి నాచుని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం కావాలి, ఆపైన కరెంటు బిల్లు. స్పైరులినా ఎండు బరువులో 60 శాతం దాకా ప్రొటీనే. అయినా కోళ్ల దాణాలో సోయా చోటుకి రాలేకపోయింది, ఖర్చు గిట్టక.

ఈ వడపోతని పైసా అడక్కుండా చేసిపెట్టేది చేప. సిల్వర్ కార్ప్ మొప్పల దగ్గర స్పాంజిలాంటి జల్లెడ ఉంటుంది. నీళ్లు బయటికి పోతాయి, నాచు కడుపులోకి పోతుంది. కోల్‌కతా తూర్పు శివారులో 'భేరీ' అనే చెరువులు నడిచేది ఈ లెక్కమీదే. నగరం మురుగు అక్కడికి చేరుతుంది, ఎండ నాచును పెంచుతుంది, నాచు చేపల్ని పెంచుతుంది, వాడిన నీళ్లు వరిమళ్లకి పారతాయి. సుమారు 12,500 హెక్టార్ల ఈ తడినేలలకు 2002లో రామ్‌సర్ గుర్తింపు (ప్రపంచంలోని ముఖ్యమైన తడినేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. మన కొల్లేటి చేపలు ఐసులో హౌరాకి లారీలెక్కుతుంటే, ఆ పక్క ఊరు తన మురుగుతోనే చేపలు పెంచుకుంటోంది. అయితే ఫ్యాక్టరీ నీళ్లతో ఈ పని చేయకూడదు. సీసం, క్రోమియంలాంటి లోహాలను కూడా నాచు పట్టేసుకుంటుంది, అవి మేతలోకి వస్తాయి.

ఇంకో టెన్షన్ చీకటి పడ్డాక మొదలవుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని వాడుకుంటుంది. నాచు మరీ చిక్కబడితే తెల్లవారుజాముకి నీళ్లలో ప్రాణవాయువు అడుగంటి, చేపలు నోళ్లు పైకి పెట్టి తేలతాయి. అందుకే మబ్బు పట్టిన రోజు రైతు మేత తగ్గిస్తాడు. నాలుగింటికే లేచి, టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి వస్తాడు.