గుండె లయను తేవడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే గుండె పైగదులైన కర్ణికల్లో విద్యుత్ సంకేతాలు నిమిషానికి 350కి పైగా, ఎక్కడ పడితే అక్కడ చెలరేగడం. కర్ణికలు ముడుచుకోవు, ఊరికే అదురుతుంటాయి. నాడి తీరూతెన్నూ లేకుండా కొట్టుకుంటుంది. కొందరికి దడ, ఆయాసం ఉంటాయి. కొందరికి అసలేమీ తెలియదు, ఇంకేదో పనికి తీయించుకున్న ఈసీజీలో బయటపడుతుంది. 7 రోజులు దాటినా సర్దుకోకపోతే దాన్ని పర్సిస్టెంట్ రకం అంటారు.

లయను వెనక్కి తేవడానికి అన్నిటికన్నా వేగమైన దారి కరెంట్ షాక్. 1960ల మొదట్లో అమెరికాలో గుండె వైద్యుడు బెర్నార్డ్ లౌన్ దీన్ని వాడుకలోకి తెచ్చారు. రోగికి కాసేపు మత్తు ఇచ్చి, ఛాతీకి అతికించిన ప్యాడ్ల ద్వారా షాక్ ఇస్తారు. కిందిగదులైన జఠరికల సంకేతం ఈసీజీలో నిటారుగా లేచిన క్షణానికే యంత్రం షాక్ వదులుతుంది. అవి తేరుకుంటున్న సమయంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. లౌన్ కనిపెట్టిన అసలు కిటుకు ఈ టైమింగే.

అయితే షాక్ కంటే ముందు రక్తం గడ్డల సంగతి చూడాలి. ముడుచుకోని ఎడమ కర్ణికలో, ముఖ్యంగా దానికి అంటుకుని ఉండే చిన్న సంచిలో, రక్తం నిలిచి గడ్డకట్టొచ్చు. లయ తిరిగొచ్చాక ఆ గడ్డ ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే. అందుకే కనీసం 3 వారాలు గడ్డకట్టనివ్వని మందులు వాడాకే షాక్ ఇస్తారు. అంత ఆగలేకపోతే అన్నవాహికలోకి గొట్టం దించి, ఎకో (గుండె స్కాన్)లో గడ్డ లేదని చూసుకుంటారు. షాక్ తర్వాత మరో 4 వారాలైనా ఆ మందులు తప్పవు. చాలామందికి జీవితాంతం కావాలి. నాడి బాగుంది కదా అని సొంతంగా ఆపేయడం ప్రమాదం.

ఇంతా చేస్తే, ఏడాది తిరక్కముందే చాలామందికి మళ్లీ వస్తుంది. ఎందుకో 1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు మేకల మీద చూపించారు. మొదట్లో కృత్రిమంగా రేపిన అలజడి కొన్ని సెకన్లలో ఆగిపోయేది. రోజుల తరబడి రేపుతూ పోతే ఇక ఆగడమే మానేసింది. అంటే ఈ జబ్బు తనకు కావాల్సిన నేలను తానే దున్నుకుంటుంది.

అందుకే లయను నిలబెట్టడానికి మందులు. గుండె కండరం దెబ్బతినని వాళ్లకు ఫ్లెకైనైడ్ లాంటివి పనికొస్తాయి. గుండె బలహీనంగా ఉంటే ఎక్కువగా ఎమియోడరోన్ వాడతారు. పని బాగానే చేస్తుంది గానీ దానిలో అయోడిన్ ఎక్కువ. థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తుల మీద కన్నేసి ఉంచాలి.

ఇంకో దారి అబ్లేషన్. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ ఐసగేర్ బృందం, వచ్చిపోయే రకం రోగుల్లో తుంటరి సంకేతాలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల్లో పుడుతున్నాయని చూపింది. తొడ దగ్గరి సిర నుంచి కేథటర్ అనే సన్నని గొట్టం పంపి, ఆ సిరల మొదళ్ల చుట్టూ కణజాలాన్ని వేడితోనో, చలితోనో, ఈమధ్య విద్యుత్ పల్స్‌లతోనో నిర్జీవం చేస్తారు. పర్సిస్టెంట్ రకంలో కర్ణికే మారిపోయి ఉంటుంది కాబట్టి ఫలితం కాస్త తక్కువ, కొందరికి రెండోసారీ చేయాల్సి వస్తుంది. ఇంకొన్ని చోట్ల కూడా కాలిస్తే మేలనుకున్నారు, కానీ 2015లో వచ్చిన స్టార్ ఏఎఫ్ 2 అనే అధ్యయనంలో అదనపు లాభం కనబడలేదు. బరువు, బీపీ, మద్యం, నిద్రలో శ్వాస ఆగడం వంటివి అదుపులోకి రాకపోతే ఏ అబ్లేషనైనా ఎక్కువ కాలం నిలవడం కష్టం. డాక్టర్లు ఈ మాట చెబుతారు, మనమే పట్టించుకోం.

ఎప్పుడు మొదలుపెట్టామన్నదీ ముఖ్యమే. జబ్బు బయటపడ్డ ఏడాదిలోపు లయ చికిత్స మొదలుపెట్టినవాళ్లకు పక్షవాతం, గుండె వైఫల్యం వంటివి తగ్గాయని 2020లో వచ్చిన ఈస్ట్ అధ్యయనం తేల్చింది. ఏళ్లు గడిచి కర్ణిక బాగా పెద్దదైతే లయ కోసం పట్టుబట్టకుండా, బీటా బ్లాకర్లనే మందులతో గుండె వేగాన్ని మాత్రమే అదుపు చేస్తారు. అప్పుడు కూడా పక్షవాతం ముప్పున్నవాళ్లకు గడ్డకట్టనివ్వని మందు కొనసాగుతుంది.