మిర్చి ధూళిలో బూజు: ఊపిరితిత్తులు గుర్తుపట్టేది దేన్ని?

హైదరాబాద్ మలక్‌పేట మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలకు గానీ, తొడిమలు తీసే మహిళలకు గానీ దగ్గు వస్తే, ఆ నెపమంతా ఘాటు మీదికే పోతుంది. ఘాటు నిజమే, కానీ అది ముక్కులోని, గొంతులోని నాడులను తాకిన మరుక్షణమే మంట పుట్టిస్తుంది. ఇంటికి చేరిన కొన్ని గంటలకు ఛాతీ బిగుసుకుపోయి జ్వరం వస్తే, ధూళిలోని మరో పదార్థాన్ని కూడా అనుమానించాలి. తేమ తగిలిన తాలు కాయను చీల్చి చూడండి: గింజల చుట్టూ బూడిద రంగులోనో, పచ్చగానో బూజు కనిపిస్తుంది.

ఆస్పర్‌జిల్లస్ జాతి బూజుల బీజాలు ఎక్కువగా 2 నుంచి 5 మైక్రాన్ల పరిమాణంలో ఉండటం వల్ల వాయుగోణుల దాకా చేరగలవు. అక్కడ కాపలా ఉండేవి మాక్రోఫేజ్ కణాలు. బూజు కణపు గోడలో ఉండే బీటా-గ్లూకాన్ అనే చక్కెర గొలుసును మన శరీరం తయారుచేయదు కనుక, దాని ఉనికే పరాయి జీవి చొరబడిందనడానికి గుర్తు. మాక్రోఫేజ్ పైపొర మీది డెక్టిన్-1 అనే గ్రాహకం దాన్ని పట్టుకుంటుందని 2001లో తేలింది. ఆ పట్టు కుదరగానే కణం లోపల సిక్ ఎంజైము, కార్డ్-9 ప్రొటీను మీదుగా సంకేతం సాగి, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలు వెలువడతాయి. వాటి ప్రభావంతో రక్తంలోని న్యూట్రోఫిల్ కణాలు ఊపిరితిత్తుల్లోకి వచ్చి చేరి, వాపు మొదలవుతుంది.

ఆశ్చర్యమేమంటే, చెక్కుచెదరని బీజం ఈ కాపలాను చాలావరకు తప్పించుకుంటుంది. దాని పైనున్న రోడ్-ఏ అనే ప్రొటీను పొర లోపలి గ్లూకాన్‌ను కప్పి ఉంచుతుందని 2009లో పరిశోధకులు చూపారు. బీజం మొలకెత్తినా, నలిగి ముక్కలైనా ఆ గోడ బయటపడుతుంది. బూజు చచ్చినా గ్లూకాన్ చెడిపోదు కాబట్టి, ఎండబెట్టినంత మాత్రాన ధూళి నిరపాయకరం కాదు. ప్రయోగశాలలో బతికున్న బూజును మాత్రమే పెంచి లెక్కించే పద్ధతికి ఈ శకలాలు అందవు. ధూళిని తూకం వేసినా, అందులో గ్లూకాన్ ఎంతో తెలియదు. గుర్రపుడెక్క పీత రక్తకణాల సారంతో గ్లూకాన్‌ను నేరుగా కొలిచే పరీక్ష ఉంది. పని ప్రదేశాల తనిఖీలో దానికీ చోటుండాలని నా గట్టి అభిప్రాయం.

నివారణ పొలం దగ్గరే మొదలవ్వాలి: కోసిన కాయను త్వరగా, పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ తేమ తగలకుండా దాచితే బూజు పెరగదు. మార్కెట్‌లో పొడి చీపురుతో ఊడిస్తే నేల మీద పేరుకున్న శకలాలు తిరిగి గాలిలోకి లేస్తాయి. ముఖానికి చుట్టుకునే తువాలు ఇంత సన్నని కణాలను సరిగా ఆపలేదు. ముఖానికి బిగుతుగా అమరిన ఎన్-95 మాస్కు చాలావరకు ఆపుతుంది.