బస్సుకు ఫుల్ ఫాం లేదు

చిన్నా, బుజ్జీ,

బస్ అనే మాటకు ఫుల్ ఫాం ఏమిటని మీ క్లాసులో పందెం వేసుకున్నారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆర్టీసీకైతే ఉంది, ఒక్కో అక్షరం వెనక ఒక్కో మాట. బస్సుకు లేదు. ఎవరైనా చెబితే అది కూర్చుని అల్లిందే. బస్ అనేది ఒక పెద్ద మాటకు తోక.

ఆ పెద్ద మాట ఆమ్నిబస్. లాటిన్‌లో ‘అందరికీ’ అని. మీరు బట్టీ పట్టే విభక్తులున్నాయే, లాటిన్‌లోనూ అవే తిప్పలు. ‘అందరు’ అనే అర్థమంతా ఆమ్నిలోనే ఉంది. చివరి ‘బస్’ వట్టి ప్రత్యయం. ఇంగ్లీషువాళ్ళు అసలు మాటను దించేసి, ‘కి’ని రోడ్డెక్కించారన్నమాట!

1820లలో ఫ్రాన్స్‌లోని నాంత్‌లో స్తానిస్లాస్ బోద్రీ అనే ఆయన ఊరి చివర వేడినీళ్ళ స్నానశాల పెట్టి, జనం రావడానికి గుర్రబ్బండి నడిపాడు. స్నానానికి కాకుండా దారిలో దిగిపోయేవాళ్ళే ఎక్కువయ్యారు. ఇంకేం, బండినే వ్యాపారం చేసుకున్నాడు. అక్కడి టోపీల కొట్టు బోర్డు చూసి బండికి ఆమ్నిబస్ అనే పేరు వచ్చిందని ఒక కథ ఉంది. వినడానికి బాగుంది గానీ నాకు నమ్మకం కుదరదు.

1829లో లండన్‌లో జార్జ్ షిల్లిబీర్ అనే ఆయన అదే పేరుతో మూడు గుర్రాల బండి తిప్పాడు. 22 మంది పట్టేవాళ్ళు. చివరిదాకా పోతే ఒక షిల్లింగు. పేరేమో అందరికీ, కూలివాడికి మాత్రం ఆ షిల్లింగు బరువే. మన తిరుమల కొండ మీద తిరిగే ధర్మరథాలకు టికెట్టే లేదు. ఆ పేరు వాటికి పెట్టాల్సింది.

కొండకు మొదటి ఘాట్‌రోడ్డు 1944లో తెరిచారు. అంతకుముందు నడకే, చేతకానివాళ్ళకు డోలీ. ఇప్పుడు కొండకు పోయే ఆర్టీసీ బస్సుల పేరు సప్తగిరి. తిరుపతిలో ‘సప్తగిరి ఎక్కినాం’ అంటే చాలు, బస్ అని వేరే చెప్పనక్కర్లేదు. ఉన్న తోకను కూడా మనం కోసేశాం!

ఆటోరిక్షాకు తల మిగిలింది, టెలిఫోన్‌కు తోక. పాపం ఇన్‌ఫ్లుయెంజాను రెండు వైపులా కోసి ఫ్లూ చేశారు. జ్వరం మాత్రం తగ్గలేదు.

దసరా సెలవులకు వచ్చేట్టయితే టికెట్లు ఇప్పుడే చేయించమని అమ్మకు చెప్పండి. బ్రహ్మోత్సవాల రోజులు, బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు.

మీ తాత,
తిరుపతి