నీళ్లలో లేదు, చేపలో ఉంది

"మా చెరువు నీళ్లు పరీక్ష చేయిస్తే పురుగుమందు ఆనవాళ్లు లేవని రిపోర్టు వచ్చింది. అలాంటప్పుడు చేపలు తినడానికి భయమెందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. డీడీటీ లాంటి మందుల విషయంలో నీళ్ల రిపోర్టు ఒక్కటే చూసి ధైర్యంగా ఉండలేం.

చేపల పులుసు దించాక గిన్నెలోకి చూడండి. ఎర్రటి రంగంతా పైన తేలిన నూనెలోనే ఉంటుంది. మిరపకు ఆ రంగునిచ్చే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో ఇట్టే కరుగుతుంది. పులుసు గిన్నె నిండా ఉన్నా, నూనె రెండు చెంచాలే అయినా, ఎరుపు వెళ్లి చేరేది ఆ రెండు చెంచాల్లోకే.

డీడీటీదీ ఇదే స్వభావం. ల్యాబులో కొవ్వుకు బదులుగా ఆక్టనాల్ అనే ద్రవాన్ని, నీళ్లను ఒకే సీసాలో పోసి, డీడీటీ వేసి కలుపుతారు. తేరుకున్నాక కొలిస్తే ఆక్టనాల్‌లో దాని గాఢత నీళ్లలో కంటే పది లక్షల రెట్లకు మించి ఉంటుంది. లీటరు నీళ్లలో కరిగేది కొన్ని మైక్రోగ్రాములే. అందుకే చెరువులో పడిన డీడీటీ నీళ్లను వదిలేసి బురదలోని సేంద్రియ పదార్థానికి అంటుకుంటుంది, లేదంటే ప్రాణుల కొవ్వులోకి చేరుతుంది. పులుసు గిన్నెను ఉత్త నీళ్లతో ఎంత కడిగినా ఎరుపు జిడ్డు వదలదు కదా! వాన కూడా పొలంలోని డీడీటీని కడిగేయలేదు. అది కదిలితే మట్టి రేణువులతో పాటే కదిలి, చెరువు పూడికలో చేరుతుంది.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన క్లియర్ లేక్ అనే సరస్సు ఉంది. అక్కడ దోమల్లాంటి చిన్న పురుగులు ముసురుకునేవి. అవి కుట్టవు, వచ్చినవాళ్లకు చికాకు, అంతే. వాటిని చంపడానికి 1949లో, మళ్లీ 1954లో, 1957లో డీడీటీకి దగ్గరి చుట్టమైన డీడీడీని సరస్సులో కలిపారు. చివరి రెండుసార్లు మోతాదు 5 కోట్ల భాగాల నీళ్లకు 1 భాగం. కొన్నాళ్లకే నీళ్లలో డీడీడీ దొరకడం మానేసింది. కానీ చేపలు తిని బతికే గ్రీబ్ పక్షులు చచ్చిపోతూ వచ్చాయి. అంటురోగం ఆనవాళ్లేమీ కనిపించలేదు. వాటి కొవ్వును పరీక్షిస్తే పది లక్షల భాగాలకు 1,600 భాగాల డీడీడీ ఉంది. నీళ్లలో వేసిన మోతాదుకు 80,000 రెట్లు!

ఇంత ఎలా పెరిగింది? పులుసు పోలిక ఇక్కడ సరిపోదు. గిన్నెలో నూనె ఖర్చవదు, ఒంట్లో కొవ్వు ఖర్చవుతుంది. చిన్న చేపను తిన్న పెద్ద చేప ఆ కొవ్వును శక్తి కోసం వాడేసుకుంటుంది. డీడీడీ మాత్రం అరగదు, ఉన్న కాస్త కొవ్వులోనే పోగుపడుతుంది. దాన్ని తిన్న పక్షిలోనూ అదే జరుగుతుంది. మన క్లాసుల్లో నీళ్ల నుంచి పక్షి దాకా అంకెలు వరసగా బట్టీ పట్టిస్తారు. ఈ కొవ్వు సంగతి ఒక్కటి చెప్తే చాలు, పిల్లలు ఆ వరసను తామే ఊహించగలరు.

భూతల్లి ఎంత విషాన్నైనా అరాయించుకుంటుందని మనవాళ్ల నమ్మకం. ఆ పని చేసేవి నేలలోని సూక్ష్మజీవులు. ఆరు కార్బన్ పరమాణువులు చుట్టులా కలిసి ఉంటే దాన్ని బెంజీన్ వలయం అంటారు. సూక్ష్మజీవులు మామూలుగా ఆ వలయంలోకి ఆక్సిజన్‌ను చొప్పించి దాన్ని తెంపుతాయి. డీడీటీ వలయాల మీద క్లోరిన్ అడ్డు కూర్చుంటుంది. గాలి ఆడే మెట్ట నేలలో డీడీటీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ మాత్రం ఊడి డీడీఈ తయారవుతుంది. అది డీడీటీ కంటే మొండిది, కొవ్వు మీద మక్కువలో ఏమీ తీసిపోదు. నీళ్లు నిలిచిన వరి మడి బురదలో ఆక్సిజన్ ఉండదు. అక్కడి బ్యాక్టీరియా ఒక క్లోరిన్‌ను తీసి హైడ్రోజన్‌ను పెడుతుంది. అలా పుట్టేది డీడీడీ, క్లియర్ లేక్‌లో కలిపిన మందే. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీని 1989లోనే నిషేధించినా, మలేరియా దోమల కోసం ఇళ్ల గోడల మీద కొట్టడం ఆ తర్వాతా సాగింది.

అన్ని మందులూ ఇలాంటివి కావు. మోనోక్రోటోఫాస్ మనిషికి తీవ్రమైన విషం, కానీ నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది, నేలలో డీడీటీలా ఏళ్ల తరబడి ఉండదు. దాన్ని వెతకాల్సింది నీళ్లలోనే, అదీ కొట్టిన కొద్ది రోజుల్లోనే. డీడీటీ అనుమానం ఉంటే మాత్రం ల్యాబుకు పంపాల్సినవి చెరువు అడుగు బురద, కొవ్వు ఎక్కువుండే పెద్ద చేప. పూడిక మట్టిని పొలానికి తోలుకునే ముందు కూడా నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో పాటు ఈ అవశేషాల పరీక్షనూ అడగండి.