పంజాబ్‌లో నషా (మత్తు) వైద్యం: నాలుక కింది గోలీ గురించి అపోహలు - వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నాకు ఊరి నుంచి ఫోన్లు ఎక్కువవుతాయి. జలంధర్, ఫగ్వాడా వైపు కాలేజీల్లో సీటు వచ్చిన పిల్లల అమ్మానాన్నలు ఎవరో చుట్టాల దగ్గర నా నంబరు తీసుకుని చేస్తారు. "డాక్టరమ్మా, పంజాబ్ అంతా డ్రగ్సేనంటగా, అబ్బాయిని పంపమంటారా వద్దా?" పంపండి, తరచూ మాట్లాడుతూ ఉండండి, డబ్బు దేనికి ఖర్చవుతోందో చూసుకోండి అని చెబుతాను. తలపాగా కట్టిన ప్రతి మనిషీ చిట్టా (హెరాయిన్) వాడడు. ఒంగోలు దగ్గర పుట్టి, పన్నెండేళ్లుగా ఇక్కడ సైకియాట్రిస్టుగా పనిచేస్తున్న దాన్ని, ఆ మాత్రం ధైర్యంగా చెప్పగలను.

మొన్న ఒకాయన ఇంకో మాట అడిగారు. "అక్కడ సర్కారు ఆస్పత్రుల్లోనే మత్తు గోలీలు పంచుతారంట కదమ్మా?" ఎవరు చెప్పారంటే వాట్సాప్‌లో వచ్చిందట. ఈ ఒక్క మాట ఇక్కడ ఎంతమందిని చంపిందో ఆయనకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: నాలుక కింద పెట్టుకునే గోలీ కూడా నషాయే. దాన్ని మానేస్తేనే మనిషి బాగుపడ్డట్టు.

కాదు. అది బుప్రెనార్ఫిన్, నాలాక్సోన్ కలిపిన మాత్ర. ఇక్కడి జనం 'జీభ్ వాలీ గోలీ' అంటారు. 2017-18లో పంజాబ్ ప్రభుత్వం, రోగిని వార్డులో పెట్టకుండా ఓపీలోనే ఈ వైద్యం ఇచ్చే క్లినిక్‌లు తెరిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే బుప్రెనార్ఫిన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇదేదో చాటుమాటు వ్యవహారం కాదు.

హెరాయిన్ మెదడులో ఏ చోట పట్టుకుంటుందో ఈ మందూ అక్కడే పట్టుకుంటుంది. అందువల్ల 'తోట్' రాదు. తోట్ అంటే మత్తు అందనప్పుడు వచ్చే అవస్థ: కళ్లు, ముక్కు కారడం, వాంతులు, విరేచనాలు, ఎముకలు విరిచినట్టు నొప్పి, రాత్రంతా కాళ్లు కొట్టుకోవడం. అయితే హెరాయిన్ మోతాదు పెరిగేకొద్దీ ఊపిరిని అణిచేస్తూ పోతుంది. బుప్రెనార్ఫిన్ ప్రభావం ఒక హద్దు దాకా వెళ్లి ఆగిపోతుంది. పైగా గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి, ఆ పైన హెరాయిన్ తీసుకున్నా పెద్దగా ఎక్కదు. నాలాక్సోన్ ఎందుకు కలిపారంటే, ఈ మాత్రను కరిగించి సూదితో ఎక్కించుకోవాలని చూసేవాళ్లకు అది తోట్ తెప్పిస్తుంది. నాలుక కింద పెట్టుకుంటే అది దాదాపు పనిచేయదు.

శరీరం దీనికి అలవాటు పడదా? పడుతుంది. ఒక్కసారిగా ఆపితే బాధ పడతారు. ఆ సంగతి నేను ఏ కుటుంబం దగ్గరా దాచను. కానీ ఒంటికి అలవాటు కావడం వేరు, బానిస కావడం వేరు. బానిసైన మనిషి పొద్దున లేవగానే డబ్బు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాడు, తల్లి గాజులు అమ్ముతాడు, ఒకే సూది నలుగురితో పంచుకుని హెచ్ఐవీ, హెపటైటిస్ సి తెచ్చుకుంటాడు. గోలీ మీద ఉన్న మనిషి గోలీ వేసుకుని పొలానికి వెళ్తాడు. అంతే తేడా, కానీ ఆ తేడాలోనే ఒక కుటుంబం బతుకుతుంది.

అసలు ప్రాణం పోయేది ఎక్కడో చెబుతాను. ఏళ్ల తరబడి హెరాయిన్ వాడిన శరీరం పెద్ద మోతాదును తట్టుకోవడం నేర్చుకుని ఉంటుంది. మానేశాక కొద్ది రోజుల్లోనే ఆ తట్టుకునే శక్తి పడిపోవడం మొదలవుతుంది. నెల, రెండు నెలలు గదిలో పెట్టి బయటికి వదిలితే మనిషి చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటాడు, ఇంట్లోవాళ్లు మిఠాయిలు పంచుతారు. కోరిక మాత్రం ఎక్కడికీ పోదు. ఒక సాయంత్రం పాత స్నేహితుడు కలుస్తాడు. పాత మోతాదే తీసుకుంటాడు. ఈసారి ఊపిరి ఆగిపోతుంది.

మా ఓపీకి తరన్ తారన్ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. కంబైన్ హార్వెస్టర్ నడిపేవాడు, ఇరవై ఆరేళ్లు. మొదటిసారి వచ్చినప్పుడు ఎంత బక్కచిక్కిపోయాడంటే, చెయ్యి పైకెత్తితే కడా (సిక్కులు వేసుకునే ఉక్కు కడియం) మణికట్టు నుంచి మోచేతి దాకా జారేది. గోలీ మొదలుపెట్టిన ఎనిమిది నెలలకు ఆ కడా మళ్లీ మణికట్టు దగ్గరే నిలబడింది. నేను బరువు చూసే మిషన్ కన్నా దాన్నే ఎక్కువ చూసేదాన్ని. కోతల సీజన్ మొత్తం పనిచేశాడు.

తండ్రికి మాత్రం మనసు ఒప్పలేదు. అమృత్ తీసుకున్న (సిక్ఖు దీక్ష పొందిన) మనిషి, నిష్ఠగా నితనేమ్, అంటే రోజువారీ ప్రార్థనలు, చేసేవాడు. గురుద్వారాలో ఎవరో "నీ కొడుకు సర్కారు నషా తింటున్నాడు" అన్నారట. కొడుకును గురు గ్రంథ్ సాహిబ్ ముందు నిలబెట్టి ప్రమాణం చేయించాడు, అదే రోజు గోలీ ఆపించాడు, తీసుకెళ్లి ఒక ప్రైవేటు సెంటర్‌లో మూడు నెలలు పెట్టాడు. అక్కడ తాళం తప్ప వైద్యం లేదు. ఇంటికొచ్చిన నాలుగో రోజు మోటారు గదిలో దొరికాడు.

పది రోజుల తర్వాత తల్లి వచ్చింది. చున్నీ చివర ముడి విప్పి, సగం వాడిన గోలీల స్ట్రిప్ నా టేబుల్ మీద పెట్టింది. "పుత్తర్, ఇవి ఇంకెవరికైనా పనికొస్తాయేమో చూడు" అంది. ఇచ్చేసిన మాత్రలు మళ్లీ ఎవరికీ ఇవ్వకూడదని నేను ఆమెకు చెప్పలేకపోయాను. తీసుకుని సొరుగులో పెట్టాను.

ఇంట్లో ఇలాంటి వైద్యం నడుస్తుంటే దయచేసి ఇవి గుర్తుపెట్టుకోండి. గోలీ మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి. ఎప్పుడు, ఎంత తగ్గించాలన్నది డాక్టరుతో కూర్చుని నిర్ణయించాలి. కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి చాలా ఏళ్లు పడుతుంది, కొందరికి ఆపకపోవడమే మంచిది. మొదలుపెట్టేటప్పుడు కూడా తొందర పనికిరాదు. తోట్ లక్షణాలు కనిపించాకే మొదటి గోలీ వేయాలి, లేకపోతే అదే తోట్ తెప్పిస్తుంది. "గోలీ వేస్తే ఇంకా చచ్చాను" అని పారిపోయిన వాళ్లలో చాలామంది కథ ఇదే. మనిషి లేపినా లేవకుండా, పెదాలు నీలంగా మారి, గురక లాంటి చప్పుడుతో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే నిద్రపోతున్నాడని వదిలేయకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. సమయానికి నాలాక్సోన్ ఇంజెక్షన్ పడితే మనిషి బతుకుతాడు.

అపోహ: అమృత్ తీసుకుంటే, ప్రమాణం చేస్తే చాలు. మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టు.

ఇది పై అపోహకు తోబుట్టువు, కాబట్టి దీని దగ్గరా కాస్త ఆగాలి. సిక్కుల నడవడి నియమావళి అయిన సిక్ఖు రెహత్ మర్యాద నల్లమందు, గంజాయి, సారా, పొగాకు అన్నింటినీ నిషేధిస్తుంది, అందులో సందేహం లేదు. అయితే అదే మర్యాద తప్పు చేసిన వాడికి తిరిగి వచ్చే దారి కూడా పెట్టింది. అతను సంగత్ (భక్తుల సభ) ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే తన్‌ఖాహ్ అనే ప్రాయశ్చిత్తం వేస్తారు. అది చాలాసార్లు గిన్నెలు తోమడం, జోళ్లు తుడవడం లాంటి సేవే. అతన్ని వెలివేసి వదిలేయమని ఎవరూ చెప్పలేదు.

మందు సంగతికొస్తే, ఏడో గురువు గురు హర్ రాయ్ కీరత్‌పూర్‌లో దవాఖానా నడిపారని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆనంద్‌పూర్ యుద్ధంలో భాయీ కన్హయ్య గాయపడ్డ శత్రు సైనికులకూ నీళ్లు పోస్తున్నాడని ఫిర్యాదు వెళ్తే, గురు గోవింద్ సింగ్ అతన్ని దండించలేదు. మలాము డబ్బా చేతికిచ్చి, ఇకమీద గాయాలకు ఇది కూడా రాయి అన్నారని సంప్రదాయం. మా దగ్గరికొచ్చే ఒక పల్లె గ్రంథీకి (గురుద్వారాలో గ్రంథం చదివే ఆయన) ఈ కథ గుర్తుచేయాల్సిన పనే పడలేదు, ఆయనే నాకు చెప్పాడు. ఇప్పుడు ఆయన ఊళ్లో గోలీ మీద ఉన్న కుర్రాళ్లు పొద్దున్నే గురుద్వారాకు వస్తారు, అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో పని చేస్తారు. అర్దాస్ (ప్రార్థన) అయ్యాక ఆయన వాళ్లను అడిగే మొదటి మాట: "గోలీ లఈ?" గోలీ వేసుకున్నావా అని. విశ్వాసం మనిషిని ఒంటరిగా వదలదు, నా మందు ఆ పని చేయలేదు. మందు తోట్‌ను ఆపుతుంది, ప్రార్థన ఆ పని చేయలేదు. రెండూ ఉన్నవాళ్లు నిలబడటం నేను కళ్లారా చూశాను.

అపోహ: వీరజాతి వాడికి మూడు రోజుల నొప్పి ఓర్చుకోవడం ఒక లెక్కా?

ఈ మాట నాకు ఆ తండ్రే అన్నాడు, కొడుకు పోకముందు. ఆయన తాత 1922లో గురు కా బాగ్ మోర్చాకు (ఉద్యమానికి) వెళ్లిన మనిషి. గురుద్వారాలను వాటి మీద పెత్తనం చేస్తున్న మహంతుల చేతుల్లోంచి విడిపించడానికి అకాలీలు రోజుకో జత్థాగా (బృందంగా) వెళ్లి, పోలీసుల లాఠీల కింద చెయ్యెత్తకుండా నిలబడిన చోటు అది. అంతకు మూడేళ్ల ముందు జలియన్‌వాలా బాగ్ జరిగింది. తెల్ల ప్రభుత్వం పెట్టిన సర్‌బరాహ్ (నిర్వాహకుడు) దర్బార్ సాహిబ్‌లో, అంటే స్వర్ణ దేవాలయంలో, ఆ కాల్పులు జరిపించిన డయ్యర్‌కే సిరోపా (గౌరవ వస్త్రం) ఇచ్చి గౌరవించిన అవమానం జనం గుండెల్లో మండుతూనే ఉంది. 1925లో గురుద్వారాల చట్టం వచ్చేదాకా ఆ పోరాటం ఆగలేదు. మా వైపు మనిషే, కనిగిరి వాడు దరిశి చెంచయ్య, అమెరికాలో ఈ పంజాబీలతోనే కలిసి, బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ గదర్ పార్టీలో పనిచేశాడు. ఆ సంగతి చెప్పాక ఆ తండ్రి నన్ను బయటి మనిషిలా చూడటం మానేశాడు.

అప్పుడు ఆయనతో అన్నాను: "బాపూజీ, మీ తాతను లాఠీలతో కొట్టాక అక్కడే పడేసి రాలేదు కదా. మోసుకొచ్చి, ఆస్పత్రిలో పెట్టి, కట్లు కట్టారు. మరి మీ అబ్బాయికి ఆ కట్టు ఎందుకు వద్దంటున్నారు?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నా మాట తగిలిందనుకున్నాను. తగల్లేదు.

ఇంకొకటి. 'వీరజాతి' అన్న ముద్ర సిక్కులు వేసుకున్నది కాదు. 1857 తర్వాత సైన్యంలోకి ఎవరిని తీసుకోవాలో లెక్కలు వేసుకున్న బ్రిటిష్ అధికారులు ఆ సిద్ధాంతాన్ని బాగా పెంచారు. సిక్ఖు పటాలాల్లో ఖాల్సా రూపం (కత్తిరించని జుట్టు, గడ్డం, తలపాగా) తప్పనిసరి చేసిందీ వాళ్లే. అదే సర్కారు 1878 చట్టం కింద నల్లమందు దుకాణాలకు లైసెన్సులిచ్చి ఆదాయం తీసుకుంది. సిక్కుల ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ల ధైర్యం గురువుల నుంచి వచ్చింది, బానిసత్వం మెదడులో జరిగే మార్పు. ఒకదానితో ఇంకోదాన్ని కొలవకండి. నొప్పికి భయపడే గోలీ అడుగుతున్నాడని కొడుకును వెక్కిరించే తండ్రులకు ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"అంతా సరిహద్దు అవతలి నుంచే వస్తోంది." చిట్టా చాలా మటుకు అటు నుంచే వస్తుంది, నిజమే. కానీ కోతల కాలంలో కూలీలతో ఎక్కువ పని చేయించడానికి భుక్కీ (గసగసాల కాయల పొట్టు) ఇచ్చే అలవాటు ఇక్కడిదే. నొప్పి బిళ్లలు చీటీ లేకుండా అమ్మే మందుల షాపులూ ఇక్కడివే.

"ఆస్పత్రికి వెళ్తే పోలీసులకు పట్టిస్తారు." డాక్టరు పని వైద్యం, పట్టించడం కాదు. కొద్ది మోతాదుతో పట్టుబడ్డ బానిస తనంతట తానుగా వైద్యానికి వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోనే ఉంది. గొలుసులతో కట్టి పెట్టే సెంటర్లే చట్టవిరుద్ధం. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని సూటిగా నిషేధించింది.

"జట్ కుర్రాళ్ల జబ్బు ఇది." పాటల్లో, వార్తల్లో భూములున్న ఈ రైతు కులం వాళ్లే కనిపిస్తారు. 2011 జనాభా లెక్కల్లో పంజాబ్‌లో దళితులు దాదాపు 32 శాతం. మజ్హబీ (దళిత సిక్ఖు) కూలీ కుటుంబాల పిల్లలు నా ఓపీలో తక్కువేమీ కాదు, కానీ వాళ్ల చావు వార్త కాదు. కులం లేదని చెప్పిన మతంలో పల్లెకు రెండు మూడు గురుద్వారాలు, వేరే శ్మశానాలు ఉన్నాయని ఇక్కడి సిక్కులే బాధపడుతూ చెబుతారు. ఆడవాళ్ల సంగతైతే ఇంకా చీకటి. పరువు పోతుందని వాళ్లు ఓపీ దాకా రారు.

"మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటిది లేదు." కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్‌తో చేయించిన సర్వే 2019లో వచ్చింది. నల్లమందు జాతి మత్తుతో (హెరాయిన్ లాంటివి) ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరుసలో పంజాబ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. తెలంగాణ వాళ్లకు 2015 గుర్తుండే ఉంటుంది. కల్తీ కల్లు దొరక్క నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. అందులో కలిపిన అల్‌ప్రాజోలం లాంటి నిద్ర మందులు, అలాగే సారా, ఒక్కసారిగా ఆపితే ఆ ఆపడమే ప్రాణం తీయొచ్చు. "గదిలో వేసి తాళం పెట్టండి, దానంతటదే దిగుతుంది" అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. అతని మాట వినకండి.

ఆ తండ్రి సంగతి ఒకటి మిగిలింది. కొడుకు పోయిన ఏడాదికి మళ్లీ వచ్చాడు. నేను ముందు గుర్తుపట్టలేదు, గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. వెనకాల పక్కింటి కుర్రాడు. "వీడి నాన్నకు చదువు రాదు, చీటీ నేను చూసుకుంటాను" అన్నాడు. ఇప్పుడు రెండు వారాలకోసారి స్కూటర్ మీద ఆ పిల్లవాణ్ని తీసుకొస్తాడు. గోలీ నాలుక కింద పూర్తిగా కరిగేదాకా పది నిమిషాలు బెంచీ మీద పక్కనే కూర్చుంటాడు. ఆ పది నిమిషాలూ అతన్ని మాట్లాడనివ్వడు.